విశ్వం విస్తరిస్తోందని కనిపెట్టింది ఒక్క హబులేనా?

విశ్వం విస్తరిస్తోందని ఎవరు కనిపెట్టారు అని అడిగితే మనలో ఎవరైనా ఠక్కున హబుల్ అనేస్తాం, క్విజ్‌లో మార్కు కూడా పడిపోతుంది. తమాషా ఏంటంటే, 1929 నాటి ఆ ప్రసిద్ధ పేపర్లో ఈ అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త హబుల్ విశ్వం విస్తరిస్తోందని తేల్చి చెప్పలేదు, ఆ తర్వాత కూడా ఆ మాట ఒప్పుకోడానికి తటపటాయిస్తూనే ఉన్నాడు.

అసలు కథ 1912లో అమెరికాలోని అరిజోనాలో మొదలైంది. లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ అనే ఆయన ఆకాశంలో మసక మచ్చలా కనిపించే ఆండ్రోమెడా వెలుగుని వర్ణపటంగా విడగొట్టి ఫొటో తీయాలనుకున్నాడు. ఇదేమంత పని అనిపిస్తుంది గానీ, అసలే మసక వెలుగు, దాన్ని రంగులుగా విడదీస్తే ఇంకేం మిగులుతుంది? ఒక్క ప్లేటు మీద గీతలు కనపడాలంటే గంటల తరబడి టెలిస్కోప్‌ని అక్కడే నిలిపి ఉంచాలి, తెల్లారితే ఆపి మళ్లీ చీకటి పడ్డాక అదే ప్లేటుతో కొనసాగించాలి. ఆ డిసెంబర్ చివర్లో ఆయన ఒకే ప్లేటుకి మూడు రాత్రులు పెట్టాడు. తీరా చూస్తే ఆండ్రోమెడా సెకనుకి 300 కిలోమీటర్ల వేగంతో మనవైపే వస్తోంది! కానీ మిగతావి కొలుస్తూ పోతే కథ తిరగబడింది. 1917 నాటికి కొలిచిన 25 నెబ్యులాల్లో (ఇలాంటి మసక మచ్చల్ని అప్పట్లో అలా పిలిచేవారు) 21 మన నుంచి దూరంగా పోతున్నాయి, అంటే వాటి వర్ణపటంలో గీతలు ఎరుపు వైపు జరిగాయి. ఎందుకో ఆయనకీ అర్థం కాలేదు. అవి మన పాలపుంతలోవా, బయటివా అన్నదే అప్పటికి తేలలేదు మరి.

అదే 1917లో ఐన్‌స్టీన్ తన గురుత్వాకర్షణ సమీకరణాలు విశ్వాన్ని కదలకుండా ఉండనివ్వడం లేదని వాటిలో ఒక స్థిరాంకం ఇరికించాడు. 1922లో రష్యాలో ఫ్రీడ్‌మన్ అసలు కదలకుండా ఎందుకుండాలి, విస్తరించొచ్చు, కుంచించుకుపోవచ్చు అని లెక్కగట్టి చూపించాడు. ఐన్‌స్టీన్ ముందు ఆ లెక్క తప్పన్నాడు, మరుసటి ఏడాది తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. పాపం ఫ్రీడ్‌మన్ 1925లో టైఫాయిడ్‌తో పోయాడు, అప్పటికి ఆయన వయసు 37.

ఈలోగా దూరాలు కొలిచే దారి దొరికింది. హార్వర్డ్‌లో హెన్రియెటా లీవిట్, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే కొన్ని నక్షత్రాలు ఎంత నెమ్మదిగా అలా మారితే అంత ఎక్కువ కాంతివంతమైనవని గమనించింది. అసలు కాంతి ఎంతో తెలిస్తే, మనకి ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్కగట్టొచ్చు. ఆ కొలబద్దతోనే హబుల్ 1923లో ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రం పట్టుకుని, ఆండ్రోమెడా మన పాలపుంత బయటున్న వేరే గెలాక్సీ అని తేల్చాడు. ఇది నిజంగా హబుల్ ఘనతే, ఎవరూ కాదనరు.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన మనిషి జార్జ్ లెమెయిత్ర్. బెల్జియం దేశస్థుడు, క్యాథలిక్ మతగురువు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. 1927లో ఈయన స్లైఫర్ వేగాల్నీ హబుల్ దూరాల్నీ సిద్ధాంతంతో కలిపి, గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా పోతుందనీ, పోయేది గెలాక్సీలు కాదు, మధ్యలో ఉన్న జాగానే సాగుతోందనీ రాశాడు. దూరం ఒక్కో మెగాపార్సెక్ (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) పెరిగే కొద్దీ వేగం సెకనుకి 625 కిలోమీటర్లు పెరుగుతుందని విలువ కూడా కట్టాడు. కానీ రాసింది ఫ్రెంచ్‌లో, అదీ బయట పెద్దగా ఎవరూ చదవని బ్రస్సెల్స్ పత్రికలో. అదే ఏడాది కలిసినప్పుడు ఐన్‌స్టీన్, లెక్కలు సరే గానీ నీ భౌతికశాస్త్రం దారుణంగా ఉందన్నాడట.

రెండేళ్లకి హబుల్ 24 గెలాక్సీల దూరాలకీ వేగాలకీ గ్రాఫ్ గీశాడు, అదే విలువ ఆయనకి 500 వచ్చింది. వాడిన వేగాల్లో చాలావరకు స్లైఫర్‌వే, పేపర్లో ఆయన పేరు మాత్రం లేదు. హబుల్ కోసం కొత్త వేగాలు కొలిచిన మిల్టన్ హ్యూమసన్ ఒకప్పుడు హబుల్ పనిచేసే అబ్జర్వేటరీ ఉన్న ఆ మౌంట్ విల్సన్ కొండ మీదకే కంచరగాడిదలతో సామాన్లు తోలినవాడు, హైస్కూల్ కూడా పూర్తి చేయలేదు. అన్నట్టు ఆ 500 కూడా తప్పే, ఇప్పటి విలువ 70 దగ్గర్లో ఉంది.

1931లో లెమెయిత్ర్ పేపర్ ఇంగ్లిష్‌లో వచ్చింది, కానీ ఆ విలువ లెక్కగట్టిన భాగం అందులో ఎగిరిపోయింది. ఇంకేముంది, హబుల్ కోసం ఎవరో కత్తిరించారని చాలా ఏళ్లు అనుమానాలు నడిచాయి. 2011లో లెమెయిత్ర్ రాసిన పాత ఉత్తరం బయటపడి చూస్తే, అనువాదం చేసింది లెమెయిత్రే, ఆ భాగం తీసేసింది కూడా ఆయనే! అప్పటికి మెరుగైన కొలతలు వచ్చేశాయి కదా, పాతవి మళ్లీ అచ్చేయడం ఎందుకు అనుకున్నాడంతే.

2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం సభ్యుల ఓటు పెట్టి, గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా పోతుందనే హబుల్ సూత్రాన్ని ఇకపై హబుల్–లెమెయిత్ర్ సూత్రం అనమంది. స్లైఫర్ పేరు ఈసారీ ఎక్కలేదు.