ఎన్ఎఫ్ఎస్ అంకెల తగాదా: అసలు మెలిక 1995లోనే

ఒకే సర్వరు, అవే డిస్కులు, అదే నెట్‌వర్క్. అయినా ఒకరి పరీక్షలో వచ్చిన రైట్ (డేటా రాసే) వేగం ఇంకొకరికి వచ్చినదానికి ఎన్నో రెట్లు. క్లస్టర్లలో (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపుల్లో) ఎన్ఎఫ్ఎస్ అనే, ఒక సర్వరు ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా అందరూ వాడుకునే ఉమ్మడి ఫైల్ సిస్టమ్ పెట్టేవాళ్ల మధ్య ఈ పాత తగాదా మళ్లీ రాజుకుంది. సర్వరు ఏ ఫోల్డర్లను ఎలా పంచాలో చెప్పే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్లో 'అసింక్' (డేటా డిస్కుకు చేరకముందే "అయిపోయింది" అనే సెట్టింగు) పెట్టి తెచ్చిన అంకె చెల్లుతుందా లేదా అన్నదే గొడవంతా. "ఐఓఆర్‌ను ఎఫ్‌సింక్‌తోనే నడిపాం, ఇంకేం కావాలి?" అంటోంది అసింక్ వర్గం. ఐఓఆర్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ ప్రోగ్రాము; ఎఫ్‌సింక్ అంటే రాసిన డేటాను డిస్కుకు చేర్చమని అడగడం.

సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్ఎఫ్ఎస్‌ను తెచ్చిన కథ అందరికీ తెలిసిందే. ఈ వాదన తేలాలంటే చూడాల్సింది 1995 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 1813 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చిన మూడో వెర్షన్‌ని. అంతకుముందు రెండో వెర్షన్‌లో రూలు కఠినంగా ఉండేది. ఒక్కో రైటుకు గరిష్ఠంగా 8 కిలోబైట్లు. అది డిస్కుకు చేరేదాకా సర్వరు జవాబివ్వకూడదు. మూడో వెర్షన్ దీన్ని సడలించింది. సర్వరు డేటాను మెమరీలోనే పెట్టుకుని వెంటనే జవాబివ్వొచ్చు. క్లయింట్ (ఆ ఫైళ్లను వాడే యంత్రం) తర్వాత 'కమిట్' అడుగుతుంది, అంటే డేటాను డిస్కుకు చేర్చమంటుంది; దానికి జవాబొచ్చేదాకా తన కాపీని వదలదు. ప్రతి జవాబుతోపాటు సర్వరు ఒక వెరిఫయర్ (గుర్తు సంఖ్య) కూడా పంపుతుంది. మధ్యలో సర్వరు పడిపోయి లేస్తే ఆ వెరిఫయర్ మారిపోతుంది; అది చూసి క్లయింట్ డేటాను మళ్లీ పంపుతుంది. వేగం పెరిగింది, భద్రత పోలేదు.

అసింక్ సరిగ్గా ఈ ముడినే విప్పేస్తుంది. డేటా డిస్కుకు చేరకముందే సర్వరు కమిట్‌కు కూడా "అయిపోయింది" అంటుంది, క్లయింట్ నమ్మి కాపీ పారేస్తుంది. ఆ క్షణంలో కరెంటు పోతే డేటా ఎవరి దగ్గరా ఉండదు, ప్రోగ్రాముకు ఎర్రరూ రాదు. ఇది ప్రోటోకాల్ ఉల్లంఘనేనని ఎక్స్‌పోర్ట్స్ మాన్యువల్ పేజీయే ఒప్పుకుంటుంది. లైనక్స్‌లో మాత్రం ఎన్ఎఫ్ఎస్ పనిముట్ల ప్యాకేజీ అయిన ఎన్ఎఫ్ఎస్-యుటిల్స్ 1.0.0 దాకా ఇదే డిఫాల్ట్! ఆ తర్వాతి రిలీజుల్లో సింక్ (డేటా డిస్కుకు చేరాకే "అయిపోయింది" అనేది) డిఫాల్ట్ అయింది. రెండింటిలో ఏదీ రాయకపోతే, డిఫాల్ట్ మారిందని ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ కమాండు హెచ్చరించేది కూడా. పాత అంకెలతో కొత్తవాటిని పోల్చేవాళ్లు ఈ మార్పును తరచూ మరిచిపోతారు.

అసింక్ వాళ్ల మాటలో కొంత న్యాయం లేకపోలేదు. స్క్రాచ్ (తాత్కాలిక) డేటా పోతే జాబ్ మళ్లీ నడుపుకోవచ్చు. వేలాది చిన్న ఫైళ్లున్న టార్ ఆర్కైవ్‌ను విప్పేటప్పుడు సింక్ ప్రతి ఫైల్ దగ్గరా ఆగుతుంది, ఆ నత్తనడక భరించడం కష్టమే.

ఎఫ్‌సింక్ సాకు మాత్రం నిలవదు. ఐఓఆర్‌లో 'ఈ' ఆప్షన్ ఇస్తే రాయడం ముగిశాక ఎఫ్‌సింక్ జరుగుతుంది. ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ నుంచి అది సర్వరుకు వెళ్లేది కమిట్‌గానే. దానికే సర్వరు ముందస్తుగా తల ఊపేస్తుంటే బెంచ్‌మార్క్‌కు తెలిసే దారి లేదు. స్టోరేజీ వేగానికి ర్యాంకులిస్తూ 2017లో మొదలైన ఐఓ500 జాబితా రైట్ పరీక్షలు కనీసం 300 సెకన్లు నడవాలంటుంది. ఎక్కువసేపు రాస్తే సర్వరు మెమరీ నిండి డిస్కు అసలు వేగం కొంతైనా బయటపడుతుంది. కొన్ని సెకన్లలో ముగిసే పరుగులో ఆ అవకాశమూ లేదు. అందుకే సింక్ వర్గం అడుగుతున్నవి రెండే: రాసే డేటా సర్వరు ర్యామ్‌ను బాగా మించి ఉండాలి, అంకె పక్కనే సింకో అసింకో తెలిసేలా 'ఎక్స్‌పోర్ట్‌ఎఫ్ఎస్ -వీ' చూపించే లైను కూడా పెట్టాలి.