గెకో (పెంపుడు బల్లి) పిల్ల ఆడదా, మగదా? అపోహలు – వాస్తవాలు

అపోహ: తల వెడల్పుగా, ఒళ్లు దిట్టంగా ఉంటే మగపిల్ల.

వాస్తవం: అది పెద్ద గెకోల లెక్క. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన లెపర్డ్ గెకో పిల్ల మూడు గ్రాములకు అటూఇటుగా తూగుతుంది. ఆ వయసులో తల కొలత చూసి లింగం చెప్పలేం. రంగు, పట్టీలను బట్టి చెప్పడం ఇంకా దండగ.

అపోహ: తోక మొదట్లో ఉబ్బు లేదు, కాబట్టి ఆడదే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మగపిల్లకూ చిన్నప్పుడు ఉబ్బు కనబడదు. లెపర్డ్ గెకోల్లో సాధారణంగా 3 నుంచి 6 నెలల మధ్య తేడా తేలుతుంది. చూడాల్సినవి రెండు. మొదటిది, మలద్వారానికి కాస్త ముందు, వెనక కాళ్ల మధ్య కోణంలా వంగిన రంధ్రాల వరుస. మగదాంట్లో ఇవి లోతుగా ఉంటాయి, మైనం లాంటి పదార్థం కనిపిస్తుంది. ఆడదానికీ అక్కడ లోతు లేని గుంటలుంటాయి, వాటిని చూసి మోసపోవద్దు. రెండోది, మలద్వారం వెనక జంట ఉబ్బులు.

పిల్లను చేత్తో వెల్లకిలా తిప్పకండి. గింజుకుంటుంది, తోక వదిలేస్తుంది. లెపర్డ్ గెకోకు తోక మళ్లీ వస్తుంది, ఆకారం మారినా సరే. క్రెస్టెడ్ గెకో అనే మరో జాతికి అసలు రాదు. అడుగు పారదర్శకంగా ఉన్న డబ్బాలో వదిలి, పక్క నుంచి లైటు వేసి, కింది నుంచి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. క్రెస్టెడ్ పిల్లల్లో ఉబ్బు కంటే ముందే రంధ్రాలు బయటపడతాయి గానీ, భూతద్దం తప్పనిసరి. ఈసారి కనబడలేదంటే ఆడదని రాసేసుకోకండి, కొన్ని వారాలాగి మళ్లీ చూడండి. మలద్వారంలో సన్నటి కడ్డీ దూర్చి పరీక్షించడం పిల్లల విషయంలో వద్దే వద్దు, లోపల గాయమవుతుంది.

అపోహ: ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగించే పెట్టె) ఉష్ణోగ్రత తెలిస్తే లింగం ఖాయం.

వాస్తవం: లెపర్డ్ గెకోల్లో 26–28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎక్కువగా ఆడవి, 32–33 దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి. 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ. 'ఎక్కువగా' అన్నమాటే కీలకం. పైగా థర్మామీటర్ ఒక మూల, గుడ్డు ఇంకో మూల ఉంటే మీ అంకె గుడ్డుకు వర్తించదు. లింగం తేలేది పొదుగుదల తొలి వారాల్లోనే, చివర్లో వేడి పెంచినా మారదు. ఈ అంకెలను వేరే జాతికి వాడొద్దు. చాలా జాతుల్లో నిర్ణయించేది క్రోమోజోములు. ఇక మోర్నింగ్ గెకోలు అనే జాతిలోనైతే దాదాపు అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి!

తేలేదాకా ఒక్కో పిల్లనూ వేరుగా పెంచండి. ఎవరికైనా ఇస్తే 'లింగం తేలలేదు' అని రాసి, పొదిగిన ఉష్ణోగ్రత పక్కన వేయండి.