బండికి కొబ్బరికాయ, మోకాలికి గుజ్జు: పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

జనవరి చివర్లో మా మావయ్య వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వైజాగ్ ఎంవీపీ కాలనీ రైతు బజారు దగ్గర ఎవరో చేతిలో పెట్టిన పాంప్లెట్, కూరల సంచిలో పడి నలిగిపోయింది. "అరిగిన గుజ్జు మళ్ళీ మొలిపిస్తాం" అని పెద్దక్షరాలు, నీలం రంగులో వెలుగుతున్న మోకాలు, పక్కన మెట్లెక్కుతూ నవ్వుతున్న ఒకాయన. వెనకే వాయిస్ మెసేజ్: "ఏటిరా ఇది, నిజంగా మొలుస్తాదా? సైన్సు రాస్తావు కదా, చెప్పు."

మావయ్యకి 64 ఏళ్ళు, స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యాడు. పోయినేడు ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచొచ్చాడు, అప్పట్నుంచి కుడి మోకాలు ఒకరోజు బానే ఉంటుంది, ఒకరోజు మంచం దిగనివ్వదు.

ముందు ఈ గుజ్జు అన్న మాటతోనే నాకు గొడవ. స్కూల్లో మృదులాస్థి అని బట్టీ పట్టించి రెండు మార్కులిచ్చి వదిలేశారు, బయట ఆ మాట ఎవరూ అనరు, ఆస్పత్రిలో కూడా గుజ్జే, గుజ్జు అనగానే మనకి చింతపండు గుజ్జో బెండకాయ జిగురో కళ్ళముందుకొస్తుంది, అందుకే కాబోలు బెండకాయ నీళ్ళు తాగితే మోకాల్లో గుజ్జు ఊరుతుందని ఫార్వర్డ్ మెసేజీలు. అది గుజ్జు కాదు. కొబ్బరికాయ కొడితే చిప్పకి అతుక్కుని తెల్లగా నున్నగా కనబడుతుందే కొబ్బరి, అలా ఎముక చివర అతుక్కున్న పొర, మోకాల్లో చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం. దానికి రక్తనాళాలు లేవు, కాబట్టి గాయమైతే రక్తం గడ్డకట్టి మానడం అనేదే మొదలవదు. నరాలు కూడా లేవు, అంటే నొప్పి పుట్టేది ఆ పొరలో కాదు, చుట్టుపక్కల. పొర అరిగి పడ్డ గుంత ఎంతుంటే నొప్పి అంత అనే లెక్క అక్కడే తప్పుతుంది. ఒకసారి పోతే తిరిగి రాదని లండన్‌లో విలియం హంటర్ 1743లోనే రాసిపెట్టాడు.

రిపేరు పద్ధతులు చాలా ఉన్నాయి, రెండు తెలిస్తే చాలు. ఒకటి మైక్రోఫ్రాక్చర్, గుంత అడుగున ఎముకకి చిన్నచిన్న చిల్లులు పొడిస్తే లోపల్నుంచి రక్తం ఊరి గడ్డకట్టి మచ్చలాంటి కణజాలం వస్తుంది. రెండోది, మన మోకాల్లోంచే చిన్న ముక్క గిల్లి ల్యాబ్‌లో కొన్ని వారాలు కణాలు పెంచి మళ్ళీ గుంతలో పెట్టడం. ఈ రెండోది స్వీడన్ వాళ్ళు 1994లో 23 మందిమీద చేసిన రిపోర్టుతో పేరుకెక్కింది. తొడ ఎముక చివర గుంతలున్న 16 మందిలో 14 మందికి బాగుంది. మోకాలి చిప్ప వెనక ఉన్న 7 మందిలో ఇద్దరికే. బాగుంది సరే, ఏమీ చేయకపోతే ఎంతమందికి బాగుండేది? పోల్చడానికి ఇంకో గుంపు లేదు.

ఇక్కడ నేను సంపత్ వినాయక గుడికి వెళ్ళాలి. వైజాగ్‌లో కొత్త బండి కొంటే ఆశీలుమెట్టలో ఆ గుడి ముందు ఆపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాకే ఇంటికి. నేనూ నా స్కూటర్‌కి చేయించాను, ఆరేళ్ళయింది, గీత పడలేదు. ఇంకేం, కొబ్బరికాయ పనిచేసినట్టేనా? పూజ చేయించిన బళ్ళూ చేయించని బళ్ళూ పక్కపక్కన పెట్టి యాక్సిడెంట్లు లెక్కేద్దామంటే, పొద్దున్నే స్నానం చేసి బండి కడిగి పెళ్ళాంపిల్లల్తో గుడికొచ్చే మనిషి అసలే మెల్లగా నడుపుతాడు, షోరూమ్ నుంచి సరాసరి భీమిలి రోడ్డు మీద పరీక్షించే కుర్రాడు వేరే రకం. తేడా కొబ్బరికాయదో మనిషిదో విడదీయలేం. విడదీయాలంటే షోరూమ్ గేటు దగ్గర బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడినవాడు గుడికి, బొరుసు పడినవాడు ఇంటికి. అప్పుడు కూడా పూజ అయినవాడు ధైర్యంగా స్పీడు పెంచొచ్చు, అవనివాడు భయంగా నడపొచ్చు, కాబట్టి ఏ బండికి పూజ అయిందో నడిపేవాడికే తెలియకూడదు. అంటే బండి తెచ్చిచ్చేలోపు ఇంకెవరో కాయ కొట్టాలి, లేదా కొట్టినట్టు చప్పుడు చేయాలి. యాక్సిడెంట్ అంటే గీతా, సొట్టా, ఆస్పత్రా అన్నది ముందే రాసుకోవాలి, లేకపోతే చివర్లో ఎవరికి అనుకూలమైంది వాళ్ళు లెక్కేస్తారు. మోకాలి వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించి చూసే ట్రయల్ కష్టాలన్నీ దాదాపు ఇందులోనే ఉన్నాయి.

మావయ్యకి ఇదంతా చెప్తే నవ్వి వదిలేశాడు. సరే, ఫిబ్రవరి ఒకటి నుంచి రోజూ రాత్రి నొప్పికి సున్నా నుంచి పదిలో ఒక నంబరు గోడ క్యాలెండర్ గడిలో వేయమన్నాను. మొదటి రోజు 7. తర్వాత 6, 6, 5, మూడోవారానికి 3. అనకాపల్లిలో పెళ్ళికెళ్ళి పంక్తిలో కింద కూర్చుని తిన్న మర్నాడు మళ్ళీ 7, పది రోజులకి 3. మధ్యలో ఏ వైద్యమూ లేదు. అదే క్యాలెండర్‌లో అత్తయ్య పాల లెక్క రాస్తుంది, "ఈ మూడు పాకెట్లా, మీ మావయ్య నొప్పా?" అని నాకు ఫోను. డేటా పాడవడం అంటే సరిగ్గా ఇదే, పెద్ద పెద్ద ట్రయల్స్‌లో కూడా ఇలాంటి వాటితోనే తల పట్టుకుంటారు.

ఆ 7ని చూడండి. మనిషి డాక్టర్ దగ్గరికి 3 నాడు వెళ్ళడు, 7 నాడే వెళ్తాడు. పైకెక్కింది ఎలాగూ దిగుతుంది, దిగినప్పుడు ఏ మందు చేతిలో ఉంటే దానికి పేరు. పాంప్లెట్ వాళ్ళు 7 నాడు ఇంజక్షన్ ఇచ్చి 3 నాడు ఫోటో తీసుకుంటే అందులో అబద్ధం ఒక్కటీ ఉండదు, నిజమూ ఉండదు.

చప్పుడు మాత్రం చేసే కొబ్బరికాయ అన్నాను కదా, అది ఆపరేషన్ థియేటర్లో నిజంగా చేశారు. 2002లో అమెరికాలో మోస్లీ బృందం కీళ్ళరుగుదల ఉన్న 180 మందిని మూడు గుంపులు చేసి, కొందరికి కీలు లోపల గీకి శుభ్రం చేశారు, కొందరికి కడిగారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేశారు. రెండేళ్ళు చూస్తే గీకినవాళ్ళకీ కడిగినవాళ్ళకీ ఉత్తుత్తి ఆపరేషన్ వాళ్ళకన్నా మెరుగేం లేదు. 2013లో ఫిన్లాండ్ వాళ్ళు అరుగుదల వల్ల మెనిస్కస్ (మోకాల్లో రెండు ఎముకల మధ్య ఉండే మెత్త) చిరిగిన 146 మంది మీద ఇలాగే చేస్తే ఏడాది తర్వాత అదే జవాబు. నాకైతే వైద్యంలో ఇంతకన్నా ధైర్యమైన పని తోచదు.

కానీ కణాలు పెంచి పెట్టే వైద్యానికి ఈ ఉత్తుత్తి ఆపరేషన్ పెట్టడం చాలా కష్టం. ఏమీ పెట్టబోని మనిషి మోకాల్లోంచి మంచి ముక్క గిల్లడం ఏం న్యాయం? వారాల తరబడి కర్రల మీద నడిపించడం? అందుకే మైక్రోఫ్రాక్చర్‌తో పోలుస్తారు. అది ఒక్క ఆపరేషన్, ఇది రెండు, తనకి ఏది జరిగిందో రోగికి తెలిసిపోతుంది. పరీక్షించేవాళ్ళకి తెలియకుండా మోకాలికి తొడుగు వేస్తారు, బానే ఉంది, కానీ నొప్పి మార్కులు వేసేది రోగే కదా.

నార్వేలో 80 మందితో ఈ రెండూ పోలిస్తే రెండేళ్ళకి నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఐదేళ్ళకి రెండు వైపులా తొమ్మిదేసి మందికి ఫెయిలైంది. తర్వాత యూరప్‌లో సమ్మిట్ అనే ట్రయల్, 144 మంది, 3 చదరపు సెంటీమీటర్లు, ఆపైన గుంతలు, కణాలు వేరే పల్చటి పొర మీద పరిచి అతికించే మేసీ అనే పద్ధతి. రెండేళ్ళకి నొప్పిలో, పనుల్లో మేసీ గెలిచింది, 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అయితే ఎమ్మారైలో, ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు రెండు గుంపులకీ తేడా తేలలేదు. రోగికి ఏ ఆపరేషనో తెలుసు, నొప్పిలో తేడా ఉంది, గుంతలో లేదు. పనిచేయలేదని నేననను, కానీ ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించకుండా ముందుకెళ్ళలేను.

ఎంతమంది కావాలన్నది చిన్న లెక్కే. మోకాలి ఇబ్బందుల గురించి రోగినే అడిగే కూస్ అనే ప్రశ్నల పట్టికలో ప్రతి విభాగానికీ 0 నుంచి 100 మార్కులు, 100 అంటే ఏ ఇబ్బందీ లేనట్టు. మనుషుల మధ్య చెదురుమదురు 20 అనుకుందాం, పట్టుకోవాల్సిన తేడా 10. ట్రయల్ వాళ్ళు వాడే ఉజ్జాయింపు లెక్క ప్రకారం 20ని వర్గం చేసి 16తో గుణించి 10 వర్గంతో భాగిస్తే గుంపుకి 64 మంది, మధ్యలో మానేసేవాళ్ళకి ఇంకొందరు. తేడా 5 ఉన్నా పట్టుకోవాలంటే గుంపుకి 256. తేడా సగమైతే మనుషులు నాలుగు రెట్లు. ఇరవై మందితో మొదలెట్టి "తేడా లేదు" అన్నా "అద్భుతం" అన్నా నమ్మక్కర్లేదు. ఇంకోటి, ఎవరికి ఏ వైద్యమో బొమ్మా బొరుసూ వేసి రాసిపెట్టిన కవరు విప్పాల్సింది ఓపీలో కాదు, కీల్లోకి స్కోపు (సన్న కెమెరా గొట్టం) పెట్టి గుంత కొలిచాక. ముందే విప్పితే "అబ్బే, ఇది పెద్ద గుంత, ఈయన మన ట్రయల్‌కి పనికిరాడు" అని ఒకవైపు నుంచే మనుషులు జారిపోతారు.

ఆ కూస్ పట్టికలో 42 ప్రశ్నలు, మావయ్యకి చదివి వినిపించాను. రోజువారీ పనుల భాగంలో సాక్స్ వేసుకోవడం ఒక ప్రశ్న, సాక్స్ విప్పుకోవడం ఇంకో ప్రశ్న. "సాక్సేటిరా, రిటైరయ్యాక హవాయి చెప్పులే కదా!" గొంతుక్కూర్చోవడం ఆటల భాగంలో ఉంది, మనకి అది ఆట కాదు కదా. బాసింపట్టు వేసుకుని పీట మీద కూర్చుని లేవడం ఎక్కడా లేదు, ఆయన మోకాలికి అసలు పరీక్ష అదే. ఇక్కడ ట్రయల్ చేసేవాళ్ళు ఈ ప్రశ్న కలపకపోతే, వంద మార్కులొచ్చినవాడు కూడా పెళ్ళి పంక్తిలో లేవలేకపోవచ్చు.

పాంప్లెట్ మీద నా అసలు కోపం వేరే. సమ్మిట్‌లో చేర్చుకున్నది 18 నుంచి 55 ఏళ్ళవాళ్ళని, నార్వేలో 18 నుంచి 45. చుట్టూ గట్టు బాగుండి మధ్యలో గుంత పడిన మోకాళ్ళు. మావయ్యది కీలంతా అరుగుదల, ఎక్స్‌రేలో కనిపిస్తోంది, ఆ ట్రయల్స్ గుమ్మం కూడా దాటనిచ్చేవారు కాదు. ఒకళ్ళ ఫలితం చూపించి ఇంకొకళ్ళకి అమ్మడం ఇది. మన దేశంలో 2009 జూన్ నుంచి ట్రయల్ ఏదైనా మొదలెట్టే ముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో ముందే రాయాలి, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. మావయ్య ఆ పాంప్లెట్ నంబర్‌కి ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబర్ అడిగితే వాళ్ళు ఇంకో ఫోన్ నంబర్ ఇచ్చారట.

నిన్న వాళ్ళింటికెళ్తే క్యాలెండర్‌లో జూలై పేజీ తిప్పి ఉంది. ఆషాఢ పౌర్ణమి మర్నాటి గడిలో ఇప్పుడే పెన్సిల్‌తో 8 వేసేశాడు. మళ్ళీ వెళ్తావా అంటే "స్వామిని చూడకుండా ఎలాగరా" అన్నాడు.

"అయితే పెన్నుతో రాయి మావయ్యా, రిజిస్ట్రీలో పెన్సిల్ ఒప్పుకోరు."