చంద్రుడి మీద నీళ్లు ఎన్నిసార్లు పడ్డాయి?

శ్రీహరికోటలోని షార్ నుంచి చంద్రుడి వైపు రాకెట్ వెళ్తుందంటే చాలు, సూళ్లూరుపేట టీకొట్ల నుంచి నెల్లూరు వాట్సాప్ గ్రూపుల దాకా ఒక మాట తిరుగుతుంది: "అక్కడ నీళ్లు కనిపెట్టింది మనమే కదా!" మాట అబద్ధం కాదు, కానీ కథ అంత పొట్టిది కాదు. 1996లో, 1998లో, 2009లో, 2018లో, 2020లో, ఇన్నిసార్లు "చంద్రుడిపై నీటి జాడ" అని వార్తలొచ్చాయి. ప్రతిసారీ దొరికింది వేరు.

కనిగిరి వైపు రైతుకి ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు. బోరుకి పాయింట్ పెట్టించడం వేరు, బండి దించాక తడిమట్టి రావడం వేరు, నీళ్లు పడటం వేరు.

చంద్రుడి మీద పాయింట్ పెట్టింది 1961లో. వాట్సన్, ముర్రే, బ్రౌన్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి, ధ్రువాల దగ్గర ఎండ ఎప్పటికీ పడని గుంతల్లో మంచు నిలవగలదన్నారు. చంద్రుడి అక్షం దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి అక్కడి లోతైన గుంతల అడుగుకి సూర్యుడు కనిపించడు. తర్వాతి కాలంలో కొలిస్తే కొన్నిచోట్ల మైనస్ 240 డిగ్రీల కంటే చలి తేలింది. అపోలో యాత్రికులు 382 కిలోల రాళ్లూ మట్టీ తెచ్చేసరికి ఆ మాట వెనకబడింది. రాళ్లు ఎండిపోయి ఉన్నాయి. కొన్నింటిలో కనిపించిన తడిని భూమి మీద అంటుకున్నదేలే అని కొట్టేశారు. ఇప్పుడు చూస్తే అది తొందరపాటే. అదే అపోలో మట్టిలోని గాజుపూసల్లో నీటి ఆనవాళ్లు ఉన్నాయని 2008లో తేలింది.

విచిత్రం ఏమిటంటే, ఎంతో దూరంలో ఉన్న గురుగ్రహపు చందమామలు యూరోపా, గానిమీడ్‌ల మీద మంచు ఉందని 1972కే ఖాయమైంది, అదీ భూమి మీది టెలిస్కోపుతోనే. అక్కడ మంచు పైకే, ఎండలోనే పరుచుకుని ఉంది. తిరిగొచ్చే పరారుణ కాంతిలో ఏ రంగులు తగ్గాయో చూస్తే సరిపోయింది. మన చంద్రుడి మంచు దాక్కున్నదే వెలుగు పడని చోట. కాంతితో వెతకాలంటే ముందు కాంతి ఉండాలి కదా! బుధుడిదీ అలాంటి కథే. సూర్యుడి పక్కనే ఉన్న ఆ గ్రహపు ధ్రువాల్లో మంచు ఉన్నట్టు తోచే మెరుపు 1991లో రాడార్‌కి తగిలింది.

అందుకే చంద్రుడి దగ్గర దొడ్డిదారులు వెతికారు. క్లెమెంటైన్ అనే అమెరికా నౌక పంపిన రేడియో తరంగాలు దక్షిణ ధ్రువం దగ్గర మంచుకి తగిలినట్టు తిరిగొచ్చాయని 1996లో అన్నారు. గరుకు రాళ్లు కూడా అలాగే తోస్తాయని మరికొందరు అడ్డుపడ్డారు. 1998లో లూనార్ ప్రాస్పెక్టర్ నౌక, చంద్రుడి నేల నుంచి వచ్చే న్యూట్రాన్లనే కణాలను లెక్కపెట్టి ధ్రువాల దగ్గర హైడ్రోజన్ ఎక్కువుందని చెప్పింది. హైడ్రోజన్ ఉన్నంత మాత్రాన నీళ్లున్నట్టు కాదు. మరుసటేడు ఆ నౌకనే ఒక గుంతలోకి కూల్చి చూస్తే ఆవిరి జాడ కనపడలేదు.

ఇక మన వంతు. 2008 అక్టోబర్ 22 ఉదయం 6:22కి శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 లేచింది. నవంబర్ 14న మువ్వన్నెల జెండా అతికించిన చిన్న పెట్టె ఒకటి నౌక నుంచి విడిపోయి, దక్షిణ ధ్రువం దగ్గర పడింది. దిగుతున్న ఆ కాస్సేపట్లోనే అందులోని 'చేస్' పరికరం నీటి ఆవిరిని పసిగట్టింది. ఆ వివరాలు సైన్స్ పత్రికలో అచ్చయ్యేసరికి 2010 వచ్చింది. ఈలోగా, 2009 సెప్టెంబర్‌లో, అదే నౌక మీదున్న నాసా పరికరం 'ఎం3' కొలతలు బయటికొచ్చాయి: చంద్రుడి మట్టిలో హైడ్రాక్సిల్ (ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ మాత్రమే కలిసిన, ఇంకా నీళ్లు కాని జత) గానీ, నీళ్లు గానీ ఉన్నాయని. పేరు ఎవరికి రావాలన్న గొడవ అక్కడే మొదలైంది. పరికరం వాళ్లది, మోసుకెళ్లింది మనం. నన్నడిగితే చెరిసగం ఇవ్వడమే న్యాయం.

తడిమట్టి దశ దాటింది 2009 అక్టోబర్ 9న. నాసా ఒక ఖాళీ రాకెట్ భాగాన్ని కేబియస్ అనే గుంతలోకి గుద్దించింది. ఎగిసిన ధూళిలో బరువు లెక్కన దాదాపు 5.6 శాతం నీళ్లు తేలాయి. 2018లో పాత ఎం3 సమాచారాన్నే మళ్లీ తవ్వి, గుంత గోడల మీద నుంచి చెదిరిపడే మసక వెలుతురులో నేలపై మంచుని నేరుగా గుర్తించారు. 2020లో విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోపు, ఎండపడే నేలలో కూడా హైడ్రాక్సిల్ కాదు, అచ్చంగా నీటి అణువులే ఉన్నాయని చూపింది. పరిమాణం మాత్రం ఒక ఘనమీటరు మట్టికి చిన్న సీసాడు.

తవ్వి కళ్లతో చూసిన మంచు అంగారకుడిది. 2008 జూన్‌లో ఫీనిక్స్ ల్యాండర్ తవ్విన గోతిలో పాచికల సైజు తెల్లటి ముక్కలు బయటపడ్డాయి. నాలుగు రోజుల తర్వాత తీసిన ఫొటోలో అవి లేవు. ఉప్పయితే అక్కడే ఉండేది. మంచు కాబట్టే ఆవిరైపోయింది.

చంద్రుడి మీద అలా తవ్వే పని ఇంకా మిగిలే ఉంది. 2023 ఆగస్టులో దిగిన చంద్రయాన్-3 థర్మామీటర్ నేల పైన 50 డిగ్రీలకి పైగా, 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 చూపింది. కొద్ది లోతులోనే అంత చల్లగా ఉందంటే, ధ్రువాల వైపు ఎండకి పెడగా ఉన్న వాలుల్లో మంచు నిలిచే వీలుంది. ఇస్రో, జపాన్ కలిసి చేస్తున్న చంద్రయాత్ర లూపెక్స్‌కి అప్పగించిన పని, ధ్రువం దగ్గర నేలని తొలిచి చూడటం. ల్యాండర్ మనది, రోవర్ వాళ్లది. రాకెట్ లేచేది మాత్రం షార్ నుంచి కాదు, జపాన్‌లోని తనెగషిమా నుంచి.