జీపు బాడుగ, పాల పద్దు

అమ్మణ్ణీకి, చిన్నోడికి తాత ఆశీస్సులు.

పశువుల పండగనాడు చిట్లాకుప్ప మంట కాడ నువ్వడిగిన దానికి నేను జవాబు చెప్పలేదు. ఒక చేతిలో ఎర్రావు పలుపు, ఇంకో చేతిలో మీ తమ్ముడి చొక్కా. ఏది వదిలినా నేరుగా మంటకాడికే పోయేట్టుంది. "తాతా, పాలు తాగితే భూమి వేడెక్కుతుందంట కదా, మా స్కూల్లో చెప్పినారు" అన్నావు. మీ అవ్వ విని "పండగపూట ఆవును ముందర పెట్టుకుని ఏం మాటలే అవి" అని కసిరింది. అవ్వ కసురును మనసులో పెట్టుకోవద్దు. మీ టీచరు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే కథ సగమే చెప్పినట్టుంది.

మిగతా సగం చెప్పాలంటే ముందు జీపు సంగతి చెప్పాలి.

నా చిన్నతనంలో పలమనేరు పక్కన మన ఊరి నుంచి తిరపతి గంగమ్మ జాతరకు బాడుగ జీపు మాట్లాడుకునేవాళ్ళం. ఆరుగురు ఎక్కినా, పద్దెనిమిది మంది ఎక్కినా బాడుగ అంతే. అందుకని మా మేనమామ జీపు మూలిగేదాకా మనుషుల్ని కుక్కేవాడు. నేను వెనక రేకు మీద కూర్చుని, పడిపోకుండా ఎవరి పంచె కొసో పట్టుకునేవాణ్ణి. మొగిలి కనుమ దిగడం మొదలయ్యేసరికి బాడుగ పంపకం తగువూ మొదలయ్యేది. ఒళ్ళో బిడ్డకు ఎంత? మొక్కుకున్న కోడిపుంజుకు ఎంత? ఒక ఏడు మా జేజి ఇంత లావు గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, "అది ఒక మనిషి చోటు తినేసింది, చార్జీ కట్టు" అన్నాడు మేనమామ. చంద్రగిరి కోట కనపడేదాకా ఆ గుమ్మడికాయ గొడవ తెగలేదు.

పాల వల్ల భూమి ఎంత వేడెక్కుతుందో లెక్క వేసేవాళ్ళ పని కూడా మా మేనమామ పనే. ఆవు జీపు. అది వదిలే వాయువు, దాని మేత కోసం పండించే పైరు, ఆ పైరుకు చల్లే యూరియా, పాలు చల్లబెట్టే కరెంటు, మీ ఇంటి ముందర ప్యాకెట్టు దించే వ్యాను డీజిలు, అన్నీ కలిపి బాడుగ. దాన్ని లీటర్ల లెక్కన పంచాలి.

ఈ జీపుకు ఒక వింత ఉంది, పొగగొట్టం ముందరుంటుంది! మీ తమ్ముడు వెనకవైపు అనుకుని పడీ పడీ నవ్వుతుంటాడు కదా, వాడికి చెప్పు. ఆవు కడుపులో మొదటి అర పెద్ద ఆవుకైతే వంద లీటర్లు దాటే కాగు. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లకు కోట్లు. చెనిక్కాయ కట్టె, వరిగడ్డి మనం తింటే అరుగుతాయా? ఆవుకూ సొంతంగా అరగవు, ఆ జీవులే పులియబెట్టి అరిగిస్తాయి. ఆ పులుపులో హైడ్రోజన్ మిగిలిపోతుంది. దాన్ని ఇంకో జాతి జీవులు పట్టుకుని కార్బన్ డయాక్సైడుతో కలిపి మీథేన్ చేస్తాయి. అదంతా దాదాపు తేన్పుల్లోనే నోటి నుంచి బయటికొస్తుంది, పాడి ఆవు ఒక్కటి రోజుకు 250 నుంచి 500 లీటర్లదాకా. వందేళ్ళ లెక్కన చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 27 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది మీథేన్. పాల పద్దులో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఈ తేన్పే, లారీలూ కావు, ప్యాకెట్టు కవరూ కాదు.

ఇప్పుడు సీట్లు, అంటే పాల లీటర్లు. 2010లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచమంతటికీ ఈ లెక్క కట్టింది. కిలో పాలకు సగటున 2.4 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన భారం పడుతుందని తేల్చింది. లారీ, ప్యాకెట్టు ఖర్చులు వదిలి కొట్టం దాకానే చూస్తే ఉత్తర అమెరికాలో 1.3, సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో 7.5. అంటే ఆఫ్రికా ఆవు చెడ్డదనా? కాదమ్మా. దాని జీపులో సీట్లు ఖాళీ, అంతే. పూటకు చెంబెడు పాలిచ్చే ఆవూ బతకడానికి తినాలి, తేన్చాలి. బాడుగ తగ్గదు, పంచుకునే లీటర్లే తక్కువ. మన పెయ్యనే చూడు. అది ఈని పాలిచ్చేదాకా మూడేళ్ళు తింటూనే ఉంటుంది, ఒక్క చుక్క రాదు. జీపు ఖాళీగా మన వాకిటి దాకా రావడం అది. ఈనినాక పది నెలలు ఇచ్చి, మళ్ళీ ఒట్టిపోయి నిలబడుతుంది. ఇంజన్ ఆపకుండా చెట్టుకింద నిలబెట్టిన జీపు! ఇక మన పుంగనూరు పొట్టి ఆవుంది, సుమారు మూడడుగుల ఎత్తే. పాలు తక్కువైనా చిక్కన, తినేదీ తక్కువే. దాన్ని షేర్ ఆటో అందామా? చిక్కటి పాలనూ నీళ్ళపాలనూ ఒకే గాట కట్టకుండా వెన్న, మాంసకృత్తులు సరిచూసుకుని పోల్చే పద్ధతి కూడా ఉందిలే.

గుమ్మడికాయ సంగతి మరిచిపోయినాననుకున్నావా? ఆవు పాలొక్కటే ఇవ్వదు కదా. దూడనిస్తుంది, పేడనిస్తుంది. నా చిన్నప్పుడు కోడెదూడ పుట్టిందంటే మా నాయన మీసం తిప్పేవాడు, రెండేళ్ళు ఆగితే మడక దున్నుతుందని. అప్పుడు జీపులో నలుగురు: పాలు, దూడ, పేడ, మడక. బాడుగ నలుగురి మీదా పడేది. ఇప్పుడు ట్రాక్టరొచ్చి మడకను జీపులోంచి దించేసింది. గ్యాస్ బండ వచ్చి పిడకనూ దించేసింది. చెప్పుకోదగ్గ చార్జీ కట్టేది పాలొక్కటే మిగిలింది, భారమంతా దాని నెత్తినే. ఆవు మారలేదు, పక్క సీటువాళ్ళు దిగిపోయినారు. ఈ మాట లెక్కల పుస్తకాల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకైతే పెద్ద అక్షరాల్లో రాయాలనిపిస్తుంది.

ఒకసారి మేం పోసే పాల కేంద్రంలో రాత్రంతా కరెంటు లేక, మిషనూ పనిచేయక, పొద్దున మా కళ్ళముందే క్యాన్లు క్యాన్లు కాలవలో కుమ్మరించినారు. ఆ పాలకు దుడ్లూ రాలేదు. జీపు తిరపతి దాకా పోయి, గంగమ్మను చూడకుండా వెనక్కొచ్చినట్టు. నువ్వు మీగడ తేలిందని గ్లాసులో అడుగున పాలు వదిలేస్తావే, నాకు ఆ కాలవే గుర్తొస్తుంది.

నీళ్ళ లెక్కకు జీపు పనికిరాదు, దాన్ని ఇక్కడ ఆపేస్తా. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అని ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లో 38,700 పొలాల వివరాలు పోగుచేసినారు. వాళ్ళ లెక్కన లీటరు పాలకు సగటున 628 లీటర్ల నీళ్ళు. అంత నీరు ఆవు తాగదు, దాని మేత తాగుతుంది. వానకు పండిన చెనిక్కాయ చేలో కాయలు మనం వలుచుకున్నాక మిగిలే కట్టె వేస్తే, దానికోసం మనం ప్రత్యేకంగా తోడిన నీళ్ళేమీ లేవు. అదే బోరుకింద నేపియర్ గడ్డి పెంచి వేస్తే ప్రతి మోపులోనూ బోరునీళ్ళే. మన చేని బోరు వెయ్యడుగులు దాటింది. నన్ను భయపెట్టేది 628 కాదు, ఆ వెయ్యడుగులు.

మరి తేన్పులకు మందు లేదా అంటావు. వెతుకుతున్నారు. బెంగుళూరులోని పశుపోషణ పరిశోధన సంస్థవాళ్ళు వగరు ఎక్కువుండే మొక్కల నుంచి 'హరిత్ ధార' అని ఒక దాణా పొడి చేసినారు. మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని వాళ్ళు చెప్పినారు. ఆ వార్త చదివినప్పుడు నాకు పండగ పొద్దున మనం పెట్టే ఉప్పుచెక్క గుర్తొచ్చింది. నానారకాల ఆకులూ చెక్కలూ ఉప్పేసి దంచి, ఆవు నాలుక పక్కకు లాగి గొంతులో వేస్తామే, అది. నువ్వు కళ్ళు మూసుకున్నావు, ఎర్రావేమో నా చొక్కా నిండా ఎంగిలి చేసింది. మన పెద్దోళ్ళకు మీథేన్ ముందే తెలుసని కోతలు కొయ్యనులే. కడుపు బాగుంటే ఆవు బాగుంటుందని తెలుసు, అంతవరకే. తిన్న మేత బలంలో 2 నుంచి 12 శాతం ఆ గాలిగానే పోతుందంట. అంటే తేన్పు తగ్గితే భూమికే కాదు, మేత కొన్న నాకూ లాభమే.

లెక్కలు చాలు. నాకు ఇప్పటికీ అంతుబట్టనిది వేరే ఉంది. గడ్డి పరకను పాలుగా మార్చే పొయ్యి ఒకటి, నిప్పు లేకుండా, మోత లేకుండా మన కొట్టంలో కూర్చుని ఉంది. అరవై ఏళ్ళుగా చూస్తున్నా.

నువ్వూ చూడు. మీ వీధి మలుపులో కొబ్బరిబొండాల బండి నీడన మధ్యాహ్నం ఒక ఆవు పడుకుంటుంది కదా, తమ్ముణ్ణి తీసుకుని దానికి నాలుగడుగుల దూరంలో కూర్చో. అది నెమరేసేటప్పుడు మూతి చూడొద్దు, మెడ చూడు. నమిలింది మింగినాక కాసేపు ఊరికే ఉంటుంది. అంతలో మెడ కింద ఒక ముద్ద, ఎలక పరిగెత్తినట్టు, కిందనుంచి పైకి పోతుంది. అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టు. మళ్ళీ మింగేదాకా ఎన్నిసార్లు నమిలిందో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. నేనిక్కడ ఎర్రావును లెక్కపెట్టి ఉంచుతా.

మీ తాత