రాత్రంతా ఉపవాసం, పొద్దున షుగర్ 160! అపోహలు - వాస్తవాలు

"రాత్రి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు డాక్టర్ గారూ. అయినా ఫాస్టింగ్ 160 వచ్చింది. మిషన్ పాడైందంటారా?" ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. మిషన్ బాగానే ఉంటుంది, మన లెక్కే తప్పు.

అపోహ: తినకపోతే రక్తంలోకి చక్కెర రాదు.

వాస్తవం: వస్తుంది. రావాలి కూడా. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ 100 ఉందంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉన్నట్టు. అంటే ఆ మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజు 5 గ్రాములే, ఒక టీస్పూను. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాములు వాడుకుంటుంది. ఆ చెంచాడు దానికి గంటకే సరి. అందుకే లివర్ గాదె పెట్టుకుంది. తిన్నప్పుడు మిగిలిన గ్లూకోజును గొలుసుల్లా పేర్చి, గ్లైకోజెన్ రూపంలో సుమారు 100 గ్రాములు దాస్తుంది. మనం నిద్రలో ఉండగా కొంచెం కొంచెంగా వదులుతుంది. గాదె తగ్గేకొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజు కూడా తయారుచేస్తుంది.

తెల్లవారుజామున కార్టిసోల్, గ్రోత్ హార్మోన్ల వల్ల ఈ విడుదల పెరుగుతుంది. షుగర్ జబ్బు లేనివాళ్ళలో ఇన్సులిన్ దానికి కళ్ళెం వేస్తుంది. జబ్బు ఉన్నవాళ్ళలో ఆ కళ్ళెం వదులు. మెట్‌ఫార్మిన్ బిళ్ళ ముఖ్యంగా పనిచేసేది ఈ లివర్ మీదే. కాబట్టి ఫాస్టింగ్ తగ్గాలని రాత్రి భోజనం ఎగ్గొట్టకండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ బిళ్ళ లాంటివి వాడేవాళ్ళు అలా చేస్తే షుగర్ మరీ పడిపోయి అర్ధరాత్రి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వెళ్తుంది.

అపోహ: షుగర్‌కి నడక మంచిదంటారు గానీ, పని చేసేది బిళ్ళే.

వాస్తవం: బిళ్ళ మానమని నేనెప్పుడూ చెప్పను. కానీ కండరాన్ని తక్కువ చేయకండి. లివర్‌లో కంటే దాంట్లోనే నిల్వ ఎక్కువ, దాదాపు 400 గ్రాములు. కాకపోతే అది పరమ లోభి. దాచిన గ్లూకోజును తిరిగి రక్తంలోకి వదిలే ఎంజైమ్ దానికి లేదు, తనే వాడుకోవాలి. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది. భోజనమయ్యాక పావుగంట నడవమనేది అందుకే.

అన్నట్టు, కండరం అప్పటికప్పుడు వాడే ఇంధనం గ్లూకోజు కాదు, కణాల్లో ఉండే ఏటీపీ అనే పదార్థం. దాన్ని, దానికి తోడుండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1920లలో అమెరికాలోని హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి కనుక్కున్నవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. గ్లూకోజు, కొవ్వు ఖర్చయ్యేది ఆ ఏటీపీని మళ్ళీ నింపడానికే.

అపోహ: బెల్లం, తేనె ఫర్వాలేదు. రాగి సంకటి ఎంత తిన్నా ఏం కాదు.

వాస్తవం: బెల్లం, తేనె కూడా చక్కెరలే. సంకటిలోని పిండిపదార్థం అరిగితే వచ్చేది గ్లూకోజే. పీచు వల్ల కాస్త నిదానంగా వస్తుంది, అంతే. ముద్ద పరిమాణం చూసుకోవాలి.

అపోహ: అన్నం మానేశాను, వారంలో 2 కిలోల కొవ్వు కరిగింది.

వాస్తవం: ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. 500 గ్రాముల నిల్వ ఖాళీ అయితే నీటితో కలిపి 2 కిలోలు! కొవ్వు కరిగింది అందులో కొంతే. పండక్కి పులిహోర, బొబ్బట్లు తిన్న మర్నాడు కిలో పెరిగితే గుండెలు బాదుకోకండి. అదీ చాలావరకు నీళ్ళే.