చెప్పు కరిస్తే విప్పేస్తాం, మరి కాలు కరిస్తే?

ప్రియమైన పిల్లలకు,

"శిబిరంలో కొత్త కాలు పెట్టించుకున్న తాతగారు మర్నాడే గుడి మెట్లెక్కారు. ప్లాస్టిక్ కాలితో, చెప్పు కూడా లేకుండా ఎలా నడిచారు? పైగా డబ్బులు తీసుకోలేదట, ఎందుకని?" అని మీలో ఒకరు రాశారు. రెండో ప్రశ్నకు జవాబు ఒక మనిషి. ముందు ఆయన గురించి చెబుతాను.

ఆయన పేరు డి.ఆర్. మెహతా. రాజస్థాన్‌లో ఐఏఎస్ అధికారి. 1969లో జైసల్మేర్ ప్రాంతంలో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆయన తొడ ఎముక నుగ్గయిపోయింది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అనేదాకా వెళ్లి, ఎలాగో నిలబడింది. కాలు పోతే తనకు ఎలాగోలా గడుస్తుంది, కూలీ నాలీ చేసుకునేవాడి గతేమిటి అన్న ఆలోచన మాత్రం ఆయన్ని వదల్లేదు. 1975లో జైపూర్‌లో, కాళ్లు పోయినవాళ్లకు ఉచితంగా కృత్రిమ కాళ్లు పెట్టే భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి పెట్టారు. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన ఉత్సవాల కాలం కాబట్టి ఆ పేరు. తర్వాత రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరయ్యారు, 1995 నుంచి 2002 దాకా షేర్ మార్కెట్‌ను అదుపుచేసే సెబీకి ఛైర్మన్‌గా ఉన్నారు. ఎక్కడున్నా ఈ పని మానలేదు. 2008లో పద్మభూషణ్ ఇచ్చారు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. సమితి పెట్టే ఈ కాలిని జైపూర్ కాలు అంటారు. దాన్ని కనిపెట్టింది మెహతా కాదు. అది 1968 నాటికే ఉంది. జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు పి.కె. సేఠీ, మాస్టర్జీ అని అందరూ పిలిచే శిల్పి రామచంద్ర శర్మ కలిసి తయారుచేశారు. అయితే చాలా ఏళ్లపాటు కొద్దిమందికే అందింది. మెహతా మార్చింది కాలిని కాదు, దాని కోసం వచ్చేవాడి తిప్పలని. ఈరోజు కొలతలిచ్చి వెళ్లు, వచ్చే నెల రా, ఆ పై నెల సరిచేస్తాం అంటే ఊరి నుంచి వచ్చినవాడు మళ్లీ రాడు. బస్సు ఛార్జీలు, పోయిన కూలి, తోడు వచ్చినవాళ్ల తిండి, ఇవన్నీ కాలి ఖరీదుకన్నా ఎక్కువవుతాయి. అందుకని సమితిలో ముందుగా పేరు రాయించుకోవడం ఉండదు. ఏ వేళప్పుడు వచ్చినా చేర్చుకుంటారు. బస, భోజనం ఉచితం. మోకాలి కింద పోయినవాళ్లకైతే చాలావరకు ఆ రోజే కాలు పెట్టి పంపిస్తారు. ఖర్చంతా విరాళాలతో, ప్రభుత్వ సాయంతో నడుస్తుంది. ఇప్పటికి 20 లక్షల మందికి పైగా సాయం అందిందని సమితి లెక్క. అందులో కాళ్లే కాదు, పోలియో వచ్చినవాళ్లకు కాలికి ఊతమిచ్చే కాలిపర్లు, చంకకర్రలు, మూడు చక్రాల సైకిళ్లు కూడా ఉన్నాయి. నన్నడిగితే దానం చేసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఆ భోజనం, బస సంగతే. వస్తువు ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక చెప్పు లేకుండా నడవడం. పడమటి దేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదం లోపల గట్టి కర్ర ఉండేది. బూటు తొడుక్కుని, కుర్చీలో కూర్చుని, చదునైన నేల మీద నడిచేవాళ్ల కోసం చేసింది అది. మనకేమో పొలం గట్టు మీద నడవాలి, గొంతుక్కూర్చోవాలి, మఠం వేసుకుని అన్నం తినాలి, గుడి బయట చెప్పులు విడవాలి. జైపూర్ పాదంలో మడమ, వేళ్ల భాగం స్పాంజి రబ్బరు ముక్కలు. చీలమండ దగ్గర చెక్క ముక్క, దాన్లోంచి పైకి కాలికి బిగించే బోల్టు. ఈ మూడింటి చుట్టూ టైరులో ఉండే నూలు పొరలున్న రబ్బరు చుట్టి, పైన ఒంటి రంగు రబ్బరు పరిచి, పాదం ఆకారపు లోహపు అచ్చులో బిగించి ఉడికిస్తారు. రబ్బరంతా ఒకటైపోతుంది. లోపలి ముక్కలు విడివిడిగా ఉండటం వల్ల పాదం పైకి వంగుతుంది, పక్కలకు ఒరుగుతుంది. రాయి మీద పడితే రాయికి తగ్గట్టు ఒదుగుతుంది. నీళ్లలో తడిసినా ఫరవాలేదు. మాస్టర్జీకి ఈ ఆలోచన, అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రేడింగ్ షాపులో తట్టిందంటారు. మీ ఊళ్లో అలాంటి షాపుంటే ఒకసారి నిలబడి చూడండి, సగం అర్థమైపోతుంది.

పాదం సరే, అసలు కష్టం పైన ఉంది. మిగిలిన కాలు, అంటే మొండి, దూరే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు. దీన్ని అర్థం చేసుకోవడానికి కొత్త చెప్పును తలుచుకోండి. బడి తెరిచిన వారంలో మడమ వెనక కరుస్తుంది కదా? వదులైతే జారి జారి కరుస్తుంది, బిగువైతే నొక్కి కరుస్తుంది. సాకెట్‌కూ ఈ రెండు జబ్బులే. దూది పెట్టి వదులు చెప్పును సరిచేసినట్టు, సాకెట్ వదులైతే లోపల ఇంకో మేజోడు తొడుగుతారు. ఏడాది తిరిగేసరికి మీ చెప్పు చిన్నదైనట్టు, పిల్లలకు పెట్టిన కాలూ చిన్నదవుతుంది, మళ్లీ చేయించాలి. పెద్దవాళ్లకు ఇది తిరగబడుతుంది, మొదటి నెలల్లో మొండి భాగం వాపు దిగి సన్నబడిపోతుంది. ఇక్కడితో నా చెప్పు తెగిపోయిందనుకోండి. ఎందుకంటే చెప్పులో బరువు మోసేది అరికాలు, అందుకోసమే పుట్టిన మందపాటి తోలు. సాకెట్‌లో మోసేది పిక్క దగ్గరి పలచటి చర్మం.

అందుకే కొలత టేపుతో తీయరు. మొండి మీద పలచటి మేజోడు తొడిగి, ఎముకలు పొడుచుకొచ్చే చోట్ల, అంటే ముంగాలి ఎముక అంచు, మోకాలికి బయటివైపు గుబ్బ, ఎముక కొస, వీటి మీద రంగు పెన్సిల్‌తో గుర్తులు పెడతారు. తడిపిన పిండికట్టు చుట్టి, మోకాలు కొంచెం వంచి, చిప్ప కింద రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంటారు. అక్కడున్న గట్టి పట్టీలాంటి స్నాయువు బరువును బాగా ఓర్చుకుంటుంది. కట్టు గట్టిపడ్డాక ఊడదీసి, అందులో ప్లాస్టర్ పోస్తే అసలు మొండికి నకలు వస్తుంది. పనివాడి చేయి కనబడేది అప్పుడే. నొక్కుడు ఓర్చుకునే చోట ప్లాస్టర్ చెక్కేస్తాడు, నొప్పి పుట్టే గుర్తుల మీద ఇంకాస్త పూస్తాడు. ఆ మందమే తర్వాత సాకెట్‌లో ఖాళీ అవుతుంది. పూయడం మరిచిపోతే వారంలో అక్కడ పుండు ఖాయం. నీళ్ల గొట్టాలకు వాడే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు ముక్కను ఓవెన్‌లో మెత్తబడేదాకా కాచి, ఈ నకలు మీదకి లాగి, మధ్యలో గాలి పీల్చేస్తే అతుక్కుని ఆ ఆకారమే వస్తుంది. చల్లారాక అంచులు కోసి, నునుపు చేసి, కింద పాదం బిగిస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కాలుంటే ఇవి చెప్పండి. మేజోడు రోజూ ఉతకాలి. మొండిని రాత్రి కడగాలి, పొద్దున కడిగి తడిగా తొడిగితే చర్మం నాని ఊడుతుంది. మొదట్లో కాసేపటికోసారి విప్పి చూసుకోవాలి. ఎర్రటి మచ్చ పది పదిహేను నిమిషాల్లో పోతే సరే, పోకపోతే కాలు తొడగడం ఆపి, చేసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. షుగరున్నవాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు కాబట్టి కళ్లతోనే చూసుకోవాలి. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది గానీ పెట్టొద్దు, మోకాలు వంగి బిగుసుకుపోతుంది.

మోకాలి పైన పోయినవాళ్లకు మోకీలు కూడా కావాలి. దానికోసం సమితి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులతో కలిసి తక్కువ ఖరీదు ప్లాస్టిక్ మోకాలు చేయించింది. ఆ కథ పెద్దది, ఇంకో ఉత్తరంలో.

ఈసారి మీ ఊళ్లో శిబిరం పెడితే వెళ్లండి. కొత్త కాలితో నడిపించి చూసేచోట, ఆ నడిచే మనిషిని అడిగి, ఒప్పుకుంటేనే వెనక నిలబడండి. కాలు పొడవైతే నేలకు తగలకుండా పక్కకు తిప్పి వేస్తారు. పొట్టిదైతే అడుగు పడ్డప్పుడల్లా ఆ వైపు నడుము దిగిపోతుంది. పొట్టో పొడవో ముందు మీరు అనుకోండి, తర్వాత టెక్నీషియన్‌ని అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య